బుగు-సాయ్ జట్టు అజేయ యాత్ర

ఫుట్‌బాల్ దేశంలోని ప్రతి లోయకూ చేరాలన్న మహాసంకల్పంతో ఫెడరేషన్ వారు రెండో డివిజన్ లీగు పెట్టారు. రాజధాని బిష్కెక్‌లో బ్యాండు మోగింది. ఉపాధ్యక్షులు తైలాక్‌బాయెవ్ గారు గాజుపాత్రలో చెయ్యి పెట్టి, నిష్పక్షపాతంగా మూడుసార్లు తిప్పి బంతి తీశారు. అందులో ఉన్నదే ఒక్క బంతి. దానిమీద 'బుగు-సాయ్' అని ఉంది. హాలంతా చప్పట్లు.

బుగు-సాయ్ కోచ్ జుమాకదిర్‌కి మాత్రం చేతులు రాలేదు.

"బైకే, మిగతా జట్లేవీ?" అని తైలాక్‌బాయెవ్ గారిని 'అన్నా' అని పిలుస్తూ అడిగాడు.

"ఏడు దరఖాస్తులొచ్చాయి తమ్ముడూ. ఆడ్డానికొచ్చే ఎదుటి జట్టుకి వేడినీళ్ల స్నానాలగది లేదని ఏడింటినీ కొట్టేశాం. నీకుందిగా!"

ఉంది. సొంత చేతులతో ఇటుకలు పేర్చి కట్టాడు.

"మరి మేం ఎవరితో ఆడాలి?"

"ఆటకేం తొందర? ముందు లీగు నడవనీ. అక్టోబరుకి మొదటి స్థానంలో ఉన్నవాళ్లు పై డివిజన్‌కి వెళ్తారు. అక్కడ కావలసినన్ని మ్యాచ్‌లు!"

జుమాకదిర్ జట్టులో బస్సు డ్రైవర్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, ఒక పళ్ల డాక్టరు. పై డివిజన్‌లో ఒక్క ఏడాది ఆడి చావాలని అందరికీ కోరిక. ఆరు నెలలు ఊరుకుంటే చాలు. ఊరుకున్నారు.

ప్రతి సోమవారం పేపర్లో పట్టిక వచ్చేది: బుగు-సాయ్, ఆడినవి సున్నా, స్థానం ఒకటి. జూన్‌లో క్రమశిక్షణ షీల్డు వచ్చింది, ఒక్క ఎల్లో కార్డూ లేనందుకు. జులైలో తైలాక్‌బాయెవ్ గారు విదేశీ సదస్సుకెళ్లి, మా రెండో డివిజన్‌లో సొంత మైదానంలో ఇంతవరకూ ఎవరూ ఓడలేదని సెలవిచ్చి వచ్చారు.

ఆగస్టులో కొండమీద మేతకొచ్చిన గొర్రెల కాపరులు కేకేశారు: "ఏరా ఛాంపియన్లూ, బూట్లకి బూజు పట్టిందా?"

"బైకే, ఒక్క గంట ఆడదాం!" అని గోల్‌కీపర్ మెదెర్ బతిమాలాడు.

"వద్దురా, ఇంకో రెండు నెలలు ఏమీ చెయ్యకపోతే గెలిచేస్తాం" అన్నాడు జుమాకదిర్. అంటూనే బూట్లు తొడిగాడు.

మూడు-రెండుతో ఓడారు. కాపరులు పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసి, భుజాలు తట్టి, ఆ ఫొటోలు ఫోన్లలో ఊరంతా పంచారు. మర్నాడే ఫెడరేషన్ నుంచి పిలుపు.

"అనుమతి లేకుండా ఆడారు. మూడు పాయింట్లు కోత."

"మాకున్నది సున్నాయే కదా బైకే!"

"ఇప్పుడు మైనస్ మూడు. రెండో స్థానానికి పడిపోయారు."

"మరి మొదటి స్థానంలో ఎవరున్నారు?"

తైలాక్‌బాయెవ్ గారు కళ్లద్దాలు సవరించుకుని పట్టిక చూశారు.

"ఎవరైతేనేం? మీకంటే మూడు పాయింట్లు ముందున్నారు. పై డివిజన్‌కి వాళ్లే వెళ్తారు. ఇంతవరకూ ఒక్క మ్యాచ్ ఆడలేదు, చూడు తమ్ముడూ, అదీ జట్టంటే!"