రాయి కదలదు, కేబులే వంగాలి

అభివృద్ధి పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది శిలాఫలకం. కేబుల్ కాదు, కాలువ కాదు, రోడ్డు అసలే కాదు. ఈ మాట బాగా ఆలోచించే రాస్తున్నాను.

మాది గోదావరి గట్టు మీది ఒక మునిసిపాలిటీ. పేరు రాస్తే మిగతా మునిసిపాలిటీలు నొచ్చుకుంటాయి. నిరుడు మా ఊరికి ఫైబర్ నెట్‌వర్కు, మురుగుకాలువలు, సిమెంటు రోడ్లు కలిపి ఒకే ప్యాకేజీగా మంజూరయ్యాయి. నిధులెక్కడివంటారా? అప్పు తెచ్చారు. అది తీర్చడానికి మా ఇంటిపన్ను కాగితంలో కొత్త వరస ఒకటి చేరింది. ఇంటర్నెట్ ఇంకా రాలేదు గానీ, దాని పన్ను మాత్రం హైస్పీడులో వచ్చేసింది!

మొదటి విడత నిధులతో మా వీధి మొగలో శిలాఫలకం కట్టారు. నల్ల గ్రానైటు, బంగారు అక్షరాలు, పదిహేడు పేర్లు. పైన చిన్న గొడుగు కూడా. వానొస్తే మా వీధిలో తడవనిది అదొక్కటే.

రెండో విడతలో కందకం తవ్వుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ రాయి దగ్గర ఆగిపోయారు. ప్లానులో కేబుల్ గీత ఆ రాయి కిందనుంచే పోతోంది!

తీసి పక్కన పెట్టొచ్చు కదా అంటారేమో. పదిహేడు పేర్లండీ! గునపం ఏ పేరుకు తగిలినా ఎవరిది బాధ్యత? ఇంజనీరు జగన్నాథరావు గారు మూడు రోజులు ఆ రాయి చుట్టూ తిరిగి, నాలుగో రోజు తేల్చారు. రాయి కదలదు కాబట్టి కేబులే వంగాలి. ఎటు? ఎడమపక్క ట్రాన్స్‌ఫార్మరు. కుడిపక్క వీరమ్మ చేపల బల్ల.

వీరమ్మ ఇరవై రెండేళ్లుగా ఆ మూలనే కూర్చుంటోంది. తెల్లవారేసరికి యానాం ఆటోలో గంప దిగుతుంది. బొమ్మిడాయిలకి బూడిద పూసి, గరుకు బండ మీద రుద్ది, తెల్లగా మెరిపించి ఇస్తుంది. ఆ మూల, ఆ బండ, అంతే ఆవిడ బతుకుతెరువు.

“రేపటికల్లా బల్ల తీసెయ్యాలమ్మా” అన్నారు జగన్నాథరావు గారు.

“ఎక్కడికి తియ్యమంటారండీ? ఈ మూల వదిలితే నన్నెవరు ఎతుక్కుంటా వత్తారండీ?”

“అభివృద్ధికి అడ్డం పడకూడదు.”

“అడ్డం నేనాండీ, ఆ రాయాండీ?”

“రాయి మీద పేర్లున్నాయమ్మా!”

ఎంత న్యాయమైన సమాధానం! ఇక దీనికి ఎదురు చెప్పగలమా? మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కనక వీధిలో అర్జీలన్నీ నేనే రాస్తాను. ఆవిడకీ ఒకటి రాసిపెడతానన్నాను.

వీరమ్మ చేపలు రుద్దే బండ మీద నీళ్లు పోసి కడిగింది. “అర్జీ ఒద్దు బాబూ, చింపేత్తారు. ఈ బండ మీద నా పేరు రాసెయ్యి.”

ఎర్ర రంగుతో, చేతనైనంత గుండ్రంగా రాశాను: “శ్రీమతి వీరమ్మ గారి కరకమలములచే ఈ చేపల బల్ల ప్రారంభింపబడినది.” ఆ కరకమలాలకి అప్పుడు కూడా పొలుసులు అంటుకునే ఉన్నాయి. బండను నిలబెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాం.

మర్నాడు తవ్వేవాళ్లు వచ్చారు, చదివారు, గునపాలు కింద పెట్టారు. జగన్నాథరావు గారు పరుగున వచ్చి నన్ను పక్కకి పిలిచారు.

“ఎవరు పెట్టించారండీ ఇది?”

నా గొప్ప నేనే చెప్పుకోవడం మర్యాద కాదు. “చెప్పకూడదండీ” అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. ప్లాను మళ్లీ పై ఆఫీసుకి వెళ్లిపోయింది. కేబుల్ చుట్ట వీధి మొగలోనే పడి ఉంది. బల్ల బతికింది. శిలాఫలకం మహిమ ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

ఒక్కటే చిక్కు. పేరు పడ్డాక ఆ బండను పడుకోబెట్టడానికి లేదు. పడుకోబెడితే గునపాలొస్తాయి. మరి చేపలు దేని మీద రుద్దాలి? నిన్న పొద్దున్న వీరమ్మ ఇటూ అటూ చూసి, బూడిద పూసిన బొమ్మిడాయిని తీసుకెళ్లి ఆ పదిహేడు పేర్ల రాయికేసి రుద్దింది. రెండుసార్లు రుద్ది, పెదవి విరిచి వెనక్కి వచ్చేసింది.

“ఒట్టి నునుపు బాబూ. దేనికీ పనికిరాదు.”