బటన్ లేని దుబాసి

ఆ బుధవారం పొద్దున రుచిత వేసుకున్న పథకం చిన్నదే. తల్లి వియ్యపురాలు భోజనానికి వస్తుంది, ఫోన్ మాట్లాడుతుంది, మామ నోరు మూసుకుంటాడు.

వియ్యపురాలు గంగుబాయిది రెంజల్ దాటాక మహారాష్ట్రలో ఒక పల్లె. పసుపు అమ్మడానికి నిజామాబాద్ మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా కంఠేశ్వర్‌లోని కూతురి అత్తగారింట్లో భోంచేసి వెళ్ళడం ఆనవాయితీ. ఆ కూతురూ, అల్లుడైన రుచిత అన్నా పుణెలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆమెకు తెలుగు రాదు, రుచిత తల్లి అనసూయమ్మకు మరాఠీ రాదు. మధ్యలో మాటలు మోసేవాడు అనసూయమ్మ తమ్ముడు సిద్దిరాములు. మార్కెట్‌లో రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉన్న మనిషి కాబట్టి మరాఠీ గలగలా మాట్లాడతాడు. ఆ సంబంధం కుదిర్చిందీ ఆయనే. ఆ కారణంగా ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు, ఆయన కంచంలో మటన్‌కు కొరత లేదు.

రుచితకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని తెలియగానే ఆయన అడ్డం పడ్డాడు. "ఆడపిల్ల గంత దూరం పొయ్యేదేంది అక్కా? నా దుకాణంల కంప్యూటర్ ముందట కూసోమను. ఈమె రాసే ప్రోగ్రాములు ఎవరికి అక్కరకొస్తయ్?"

"నీకే అక్కరకొస్తది మామా," అంది రుచిత. "ఈసారి గంగుబాయి అత్తమ్మ వస్తే నువ్వు మాట్లాడొద్దు. నా ఫోన్ మాట్లాడుతది."

"సరే," అని అనసూయమ్మ మధ్యేమార్గం చెప్పింది. "అది మంచిగ మాట్లాడితే హైదరాబాద్ పో. లేకుంటే మామ దుకాణంకు పో."

ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిని పదిమందీ వాడుకునేలా నెట్‌లో పెడుతుంటారు, దాన్నే లైబ్రరీ అంటారు. మాటలకు అర్థాలు వెతికి, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే లైబ్రరీ ఒకటి తీసుకుని రుచిత తన ప్రోగ్రాంకు తగిలించింది. తల్లి చేతులు ఎప్పుడూ పిండిలోనో పులుసులోనో ఉంటాయి, మాటిమాటికీ బటన్ నొక్కడం ఆమె వల్ల కాదు. అందుకని ఆ బటన్‌నే తీసేసింది. ఫోన్ ఎప్పుడూ వింటూనే ఉంటుంది. ఇది తన తెలివి అనుకుంది రుచిత.

గంగుబాయి వచ్చింది. కుశల ప్రశ్నలు చక్కగా జరిగాయి. సిద్దిరాములు మొహం ముడుచుకుని గోడ వైపు చూశాడు. అంతలో అనసూయమ్మ కూతురి చెవిలో గుసగుసలాడింది. "బిడ్డా, అల్మారాల పెట్టుడు చీరె తియ్యి. పోయినసారి ఈమె పెట్టింది మళ్ల ఈమెకే పెట్టేవు. అయినా అదేం చీరె, పిసినిగొట్టు చీరె."

ఫోన్ గట్టిగా మరాఠీ అందుకుంది. ఆ లైబ్రరీకి ఇంకో గుణం ఉంది. మాటకు జోడీ దొరక్కపోతే నిఘంటువు తెరిచి అర్థం విప్పి చెబుతుంది. పిసినిగొట్టు అంటే ఎలాంటి మనిషో రెండు రకాలుగా వివరించింది.

గంగుబాయి టీ కప్పు కింద పెట్టి, తనలో తాను ఏదో గొణిగింది. ఫోన్ వెంటనే తెలుగులోకి దిగింది. "ఈ గృహమునందు తేనీరు ఎల్లప్పుడూ నీటిని పోలి ఉండును."

"నీళ్లా?" అంది అనసూయమ్మ. అదీ మరాఠీలోకి వెళ్ళిపోయింది.

సిద్దిరాములు మొహం వెలిగింది. "చూసినవా అక్కా? నేనుంటే గిట్లయ్యేదా? బంద్ చెయ్యి బిడ్డా దాన్ని. రేపట్నుంచి దుకాణంకు రా."

"చెయ్య," అంది రుచిత.

"చెయ్యవా?"

"ఉన్నదే చెప్తున్నది. ఎందుకు చెయ్యాలె?"

అనసూయమ్మ కోపంగా మటన్ గిన్నె తెచ్చి వియ్యపురాలి కంచంలో గరిటెడు వేసింది. గంగుబాయి లేచి నిలబడింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. ఫోన్ ఓపికగా విని చెప్పింది. "మాంసము నాకు జీర్ణము కాదు. జొన్నరొట్టెయు మిరపకాయ పచ్చడియు చాలునని వచ్చిన ప్రతిసారి వేడుకొంటిని. అయినను మీరు నా కంచము నిండ ఇదియే వేసి నన్ను అవమానించుచున్నారు."

అనసూయమ్మ గరిటెతోనే తమ్ముడి వైపు తిరిగింది. "తమ్మీ, ఆమెకు మటన్ అంటే పాణమని చెప్పినవ్. మొహమాటపడ్తది, గట్టిగ వెయ్యమని చెప్పినవ్. మటన్ పాణం ఆమెకా, నీకా?"

"మిషన్ అబద్ధమాడుతున్నదక్కా," అన్నాడు సిద్దిరాములు. ఆ మాట కూడా గంగుబాయికి మరాఠీలో అందింది. ఆమె చూపు చూసి ఆయన అటు జరిగి, బతిమాలుతున్నట్టు లోగొంతుతో మరాఠీలో రెండు ముక్కలన్నాడు.

ఫోన్ అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పింది. "దయచేసి మాంసమును మీరే కోరినట్లు చెప్పుడు. నా మర్యాద నిలుపుడు."

ముందు నవ్వింది గంగుబాయి. ఆమె నవ్వుకు దుబాసి అక్కర్లేకపోయింది. కాసేపటికి ఇద్దరు వియ్యపురాళ్ళూ వంటింట్లో ఉన్నారు. ఒకరు జొన్నరొట్టెలు కొడుతుంటే, ఇంకొకరు ఈసారి పాలు ఎక్కువ పోసి టీ మరగబెట్టారు. చీరెల సంగతి కూడా తేలింది. ఇకమీదట పెట్టుడు చీరెలు బంద్.

"అమ్మా, ఆ బటన్ మళ్ల పెడ్త," అంది రుచిత, మధ్యలో తల దూర్చి.

"ఏం వద్దు. గట్లనే ఉండనియ్యి," అంది అనసూయమ్మ. "హైదరాబాద్‌కు బస్సు ఎప్పుడుందో చూసుకో."

సిద్దిరాములు ఆ పూట జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కుతో భోంచేశాడు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా.