స్టూలుపై దర్జీ దండయాత్ర

భానుడు ఎదుటి మేడ నీళ్లతొట్టిని ఎగబ్రాకి కిటికీలన్నింటిని కిరణబాణములతో ముట్టడించు వేళ, లిఫ్టు చెడిన ముప్పదవ దినమున, చతురంతస్తుల దుర్గము ముంగిట, ఇరువదియేండ్లుగా కూర్చుండుటయందే కీర్తి గడించిన కత్తెరపాణి, సూచీధరుడు, దర్జీ నిలిచెను.

నల్లగుడ్డపై నల్లదారము కుట్టువానికి వెలుతురే ప్రాణము. కొలతలు క్రింద తీసినను, వెలుతురున్న కిటికీయు, దాని ముందరి మిషనును నాలుగవ అంతస్తుననే కలవు. నడుమ మూడవ అంతస్తున వదిన కాపురము. ప్రతిదినము రొప్పుచు వచ్చు మరిదికై ఆమె గుమ్మమున మెత్త కుట్టిన స్టూలొకటి వేసి, శపథము చేసియుండెను:

"నెల చూస్తా మరిదీ! ఆలోపు దీని మీద కూలబడకుండా పైకి పోయావా, సరే. లేదంటే నీ మిషను మెట్ల కింది చీకటి గదిలోకి దింపించేస్తా. నీకేమన్నా అయితే మీ అన్నకి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

నేడే గడువు.

తొలినాడు వీరుడు పరుగెత్తెను. కండరములందు చేతికందు ఇంధనము పది క్షణములలో కర్పూరమై హరించెను. ఊపిరి దండు చేరకమున్నే చక్కెర మండి తొడలు కొలిమిలాయెను. స్టూలు గెలిచెను. కాని ఎక్కగా ఎక్కగా దేహరాజ్యము మేలుకొనెను. కణకణమున క్రొత్త పొయ్యిలు వెలసెను. పిక్కలలో సన్నని నెత్తుటికాలువలు పారెను. హృదయసేనాని తక్కువ దెబ్బలకే ఎక్కువ రక్తము నడప నేర్చెను. నడుమున పవళించిన క్రొవ్వు సైతము, ఆ సోమరి పటాలము, కట్టెగా మారి పొయ్యి కెక్కెను. ఇదేమియు వీరుడెరుగడు. ప్యాంటు వదులగుట చూచి తన కుట్టునే అనుమానించెను.

నేడతడు మెల్లగా ఎక్కెను. మూడవ అంతస్తు చేరగా ఊపిరి బిగిసెను, స్టూలు చేతులు చాచినట్లాయెను. "ఓ పిక్కలారా! చీకటి గదికా మీరు నన్ను మోయునది?" అని మనసులోనే గర్జించెను.

మనసులోనే ఏల? పెదవుల నడుమ ఆరు గుండుసూదులుండెను. కొలత గుచ్చుటకు పట్టినవి పట్టినట్లే పైకి తెచ్చుట అతని వాడుక. సూదులు లేని అతని నోటిని ఇంట నెవరును చూచి యెరుగరు, కావుననే వాటిని పట్టించుకొన్నవారును లేరు. నేడు వదిన తేరిపార చూచెను.

"నెలంతా వీటితోనేనా ఎక్కింది? నోరు మూసుకుని మెట్లెక్కితే ఊపిరెక్కడిది నాయనా? తియ్యి ముందు!"

వీరుడు సూదులు పెరికి, దిక్కు తోచక స్టూలు మెత్తలో ఒక్కొక్కటిగా గ్రుచ్చెను. నోరు తెరచెను. గాలి వరదవలె చొచ్చెను. ముప్పది దినములలో తొలిసారి బదులు పలికెను:

"కూర్చోను వదినా."

పదునెనిమిది మెట్లు. ఆగలేదు. పైనుండి మిషను చప్పుడు వినవచ్చెను.

"ఒరేయ్ మరిదీ! ఈ సూదులు పీక్కుపో! ఇప్పుడు నేనెక్కడ కూర్చోను?" అని వదిన కేక వేసెను.

ఈ విధమున స్టూలు ఆరు గాయములతో రణరంగమున మిగిలెను. నల్లగుడ్డపై నల్లదారము పట్టపగటి వెలుగున నడచెను.