ఒక్క బటన్ కాఫీ

రాష్ట్ర ప్రజల చేతులు ఇన్నాళ్లూ ఖాళీగా ఉండిపోవడం తనను కలచివేసిందని వినోద సాంకేతిక శాఖ మంత్రి జగన్నాథరావుగారు అరకులో ప్రకటించారు. అందుకని ప్రభుత్వమే సొంతంగా ఒక గేమ్ కన్సోల్ చేయించిందట. పేరు 'గిరి బాక్స్'. విడుదల డిసెంబరు పన్నెండు. పన్నెండే ఎందుకని ఒక విలేకరి అడిగాడు. పక్క రాష్ట్రంవాళ్లది పదిహేనున వస్తోందని మంత్రిగారు సెలవిచ్చారు. ఇంతకు మించిన శాస్త్రీయ కారణం అక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారు.

ఆ పన్నెండో తారీఖు వెళ్లి అరకు పక్కనే ఉన్న తోటగుడలో వంతల కనక నెత్తిన పడింది.

కనకకు కొండవాలులో ఎకరం కాఫీ తోట ఉంది. ఆ ఏడు కాపు విరగకాసింది. పళ్లు ఎర్రగా పండి కొమ్మలు వంగిపోయాయి. భర్త ధర్మ కాలు విరిగి మంచాన ఉన్నాడు, ఒక్కతే కోసుకోవాలి. తుపాను కబురు కూడా వచ్చింది. అలాంటప్పుడు ఇంటిముందు జీపు ఆగింది. దిగినవాడు కామేష్. మొన్నటిదాకా ఉద్యాన శాఖలో మొక్కలు మాత్రమే పంచినవాడు, ఇప్పుడు గిరి బాక్స్‌కి కూడా బాధ్యుడైన నోడల్ ఆఫీసరు.

"కనకా, నిన్ను క్యాజువల్ ప్లేయర్‌గా సెలెక్ట్ చేశాం."

"అంటే ఏటి బాబూ?"

అది కామేష్‌కీ తెలియదు. విడుదల రోజు వేదిక మీద ఒక క్యాజువల్ ప్లేయర్ చేత, అంటే తీరికవేళ సరదాకి ఆడే మనిషి చేత, ఆడించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. క్యాజువల్ అన్న మాట ఆయన తన సర్వీసులో కూలీల హాజరు పట్టీలో తప్ప ఎక్కడా చూడలేదు. నర్సరీ పట్టీ తీశాడు. మొదటి పేరు అక్కడ అప్పుడప్పుడూ కూలికెళ్లే కనకది.

"పళ్లు రాలిపోతన్నాయి బాబూ. వారం ఆగితే బేగి కోసీసి వొచ్చెత్తాను."

"నీ పళ్లకోసం పక్క రాష్ట్రం ఆగుతుందా? రేపు నీకేం సాయం కావాలన్నా నా సంతకమే కదా!"

కనక ట్రైనింగుకని జీపెక్కింది.

ఆట కూడా కాఫీ పళ్లు కోయడమే. కంట్రోలర్‌కి మొదట పద్నాలుగు బటన్లుండేవి. మంత్రిగారు గెస్ట్‌హౌస్‌లో స్వయంగా ఆడి చూశారు. బుట్టలో పడాల్సిన పళ్లన్నీ లోయలో పడ్డాయి, వారి బొటనవేలు పట్టేసింది. "నాకే రాలేదంటే మామూలు జనానికి ఏం వస్తుంది? పీకండి బటన్లు!" అన్నారు. సాయంత్రానికి ఏడు మిగిలాయి, మర్నాటికి మూడు, ట్రైనింగు ముగిసేసరికి ఒక్కటి. ఎర్రగా, అప్పడమంత ఉంది.

"రెండు సేతుల్తో కోసేదాన్ని, ఒక్క ఏలితో ఎలా కొయ్యాల బాబూ?"

"అదే టెక్నాలజీ," అన్నాడు కామేష్.

పన్నెండో తారీఖున అరకులో విడుదల సభకి మంత్రిగారు ముహూర్తానికి నాలుగు గంటలు ఆలస్యంగా విచ్చేశారు. కనక బటన్ నొక్కింది. తెరమీద ఒక పండు ఎగిరి బుట్టలో పడింది. చప్పట్లు. ఇంకో పండు. ఇంకా చప్పట్లు. ఇంతలో షామియానా టపటపలాడింది. కనక తలెత్తి చూస్తే తన కొండ కనిపించలేదు, మబ్బు మూసేసింది. కంట్రోలర్‌ని మంత్రిగారి ఒళ్లో పెట్టేసి, చీర ఎగదోపి, వేదిక దిగి పరుగెత్తింది.

తెరమీద పళ్లు మాత్రం ఆగలేదు. వాటంతటవే తెగి బుట్టలో పడుతున్నాయి. స్కోరు పెరుగుతోంది. ఆటని ఒక్క బటన్‌కి మార్చడం పన్నెండులోగా కాదని దాన్ని తయారుచేసే కంపెనీవాళ్లు చేతులెత్తేస్తే, వీడియో అయినా పంపమన్నది కామేషే.

మంత్రిగారు ఒళ్లోకి చూశారు, తెరవైపు చూశారు, మైకు అందుకున్నారు. "చూశారా! ఏ దేశం కన్సోల్ అయినా ఆడేవాడిమీద ఆధారపడుతుంది. మనది ఆ బానిసత్వం నుంచి బయటపడింది!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కనక తోటకి చేరేసరికి వాన దంచేస్తోంది. చెట్ల మొదళ్లన్నీ ఎర్రబడ్డాయి. పళ్లు బురదతో కలిసి కింద పారే గెడ్డలోకి కొట్టుకుపోతున్నాయి. వేళ్లు కొంకర్లు పోయేదాకా ఏరింది. అరబుట్ట దొరికింది. ఏడుద్దామంటే ఇంట్లో ధర్మకి వినబడుతుందని ఊరుకుంది.

వారం తర్వాత పంట నష్టం రాయించుకుందామని, కుళ్లిన పళ్లు తువ్వాల్లో మూటగట్టుకుని ఉద్యాన శాఖ ఆఫీసుకెళ్లింది. కామేష్ కంప్యూటర్ చూసి ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"నష్టమేంటి కనకా! నీ తోట దిగుబడి తొమ్మిది వేల కిలోలు. స్టేట్ ఫస్టు. మంత్రిగారు తెరమీది స్కోరు చూసి అదే నీ దిగుబడని అక్కడికక్కడే ప్రకటించేశారు, పేపర్లో కూడా వచ్చింది."

"అది బొమ్మ కదా బాబూ!"

"మంత్రిగారు ప్రకటించాక బొమ్మేంటి?"

కనక మూట విప్పి బల్లమీద పెట్టింది. "మరి ఇవేటి?"

కామేష్ ముక్కు మూసుకుని గబగబా మూట కట్టేశాడు. తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇవి ఎవరికీ చూపించకు. ఆ తొమ్మిది వేల కిలోలూ విదేశీ కంపెనీకి ఇస్తామని మంత్రిగారు మాటిచ్చేశారు. ఎల్లుండి సరుకు లారీకి జెండా ఊపుతారు. ఇంతకీ లారీ మీ తోటదాకా ఎక్కుతుందా?"