గేటు పడింది, రెండో భాగం వస్తోంది

‘ఆఖరి బండి’ అనే వీడియో గేమ్ విడుదలై వారం తిరగకముందే ‘ఆఖరి బండి - 2’ రాబోతోందని అష్టసిద్ధి గేమ్స్ ప్రైవేట్ లిమిటెడ్ యాజమాన్యం అశేష ప్రజానీకానికి సవినయంగా తెలియజేసింది. మొదటి భాగాన్ని ఇంతవరకూ ఒక్కరు కూడా పూర్తి చేయలేదన్న సంగతి ఆ ప్రకటనలో లేదు. అలాంటి చిల్లర విషయాలు ప్రకటనల్లో ఉండవని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రకటన వెలువడిన విజయోత్సవ సభలో, వేదికకు ఓ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో మడత పెట్టిన శాలువాతో కూర్చున్న అనుపమకు మాత్రం ఆ చిల్లర విషయం బాగా తెలుసు. ఆ ఆటకు ప్రోగ్రామింగ్ మొత్తం రాసింది ఆమే. అందుకుగాను ఆమెను సాంకేతిక నిపుణురాలిగా సత్కరించారు. మొదటిసారి శాలువా కప్పినప్పుడు ఫొటోగ్రాఫర్ ఫోన్ మాట్లాడుతున్నందువల్ల, విప్పి మళ్లీ కప్పారు.

ఆట సంగతి ముందు చెప్పుకుందాం. అల్వాల్‌లో ఓ సంసారి. స్కూటర్ మీద భార్యను, పిల్లవాణ్ని, రెండు సూట్‌కేసులను, ఆవకాయ జాడీని ఎక్కించుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆఖరి బండి అందుకోవాలి. గుంతలూ, పెళ్లి బరాత్‌లూ, ఎదురొచ్చే ఆటోలూ తప్పించుకుంటూ వెళ్తే మొదటి దశ చివర రైల్వే గేటు వస్తుంది. గేటు పడి ఉంటుంది. గూడ్సు బండి తాపీగా పోతుంది. అప్పుడు గేటు లేవాలి. లేవదు. అంతటితో ఆట ఆగిపోతుంది.

గేటు ఎందుకు లేవదో తెలియాలంటే కంపెనీ ఎండీ తిరుమల్ గారి ఘనచరిత్ర కొంత తెలియాలి. ఆయనకు అంతకుముందు టెంట్‌హౌస్ ఉండేది. షామియానాల విషయంలో బన్సీలాల్‌పేట నుంచి మౌలాలి దాకా ఆయనకు తిరుగులేదు. ఫంక్షన్ ఘనంగా జరిగితే మిగతా పని దానంతటదే నడుస్తుందని ఆయన అనుభవం మీద తెలుసుకున్నాడు. పెళ్లయ్యాక కాపురం ఎలా సాగుతోందో చూడటం టెంట్‌హౌస్ వాళ్ల బాధ్యత కాదు కదా. అదే సూత్రంతో వీడియో గేముల పరిశ్రమలోకి అడుగుపెట్టి, పెళ్లిపత్రికల దుకాణం పైఅంతస్తులో ఆఫీసు తెరిచాడు.

విడుదల ముహూర్తం పెట్టింది ఆయన మామగారు బ్రహ్మచారి. కంపెనీకి గౌరవ సలహాదారు. కంప్యూటర్ ఆన్ చేయడం ఆయనకు రాదు కానీ, ఎప్పుడు ఆన్ చేయాలో మాత్రం ఆయనే చెప్పాలి. ఆయన పంచాంగం తిరగేసి, ఈ ముహూర్తం దాటితే మూఢం వస్తుందనీ, మూఢంలో శుభకార్యాలు పనికిరావనీ తేల్చాడు.

“ఒక్క వారం టైమివ్వండి సార్. బండి వోయిందన్న కబురు గేటుకు అందుతలేదు. అదొక్కటి సరిచేస్తే అయిపోతది” అని అనుపమ బతిమాలుకుంది.

“ఏందమ్మా అనుపమా, గిట్ల పరేషాన్ చేస్తవ్? ఇప్పుడు రిలీజ్ చేద్దాం, గేటు ఎనకసీరి లేపుదాం. గేటు కాడ ఆగుడు మనోళ్లకు కొత్తనా ఏంది?” అన్నాడు తిరుమల్.

విడుదల జరిగిపోయింది. లాప్‌టాప్‌కు పూలదండ వేసి, గుమ్మడికాయ కొట్టి, ఆటను లోకం మీదికి వదిలారు. నాలుగు రోజుల్లో అనుపమ గేటును సరిచేసి పట్టుకొచ్చింది. ఇక దాన్ని ఆటలోకి ఎక్కించడమే తరువాయి. బ్రహ్మచారి కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, “మూఢంల కొత్త వాకిలి తెరవద్దు. గేటు సుత వాకిలి లెక్కనే వస్తది” అని తీర్పు చెప్పాడు. దాని మీద అప్పీలు లేదు.

గేటు అవతల ఏముందో అనుపమకు తప్ప ఎవరికీ తెలియదు. బొమ్మలు గీసిన పాల్‌కు కూడా ముక్కలుముక్కలుగానే తెలుసు. మూడేళ్లు కూర్చుని రాసింది ఆమె. గేటు దాటాక వాన మొదలవుతుంది. ఆ వాన స్కూటర్ అద్దం మీద ఎలా జారాలో తేల్చుకోవడానికే ఒక వర్షాకాలమంతా పట్టింది. స్టేషన్ ముందు ఆటోవాళ్ల బేరాలు, మెట్ల మీద కూలీల పరుగులు, కదిలిపోతున్న బండి, లోపలికి అందించాల్సిన ఆవకాయ జాడీ. బండి అందితే కిటికీలోంచి పిల్లవాడు బయటికి చూసి చెయ్యి ఊపుతాడు. వాడు ఊపేది ఆట ఆడుతున్న మనిషికి. ఆ ఒక్క చెయ్యి కోసమే ఆమె ఆ ఉద్యోగంలో ఉండిపోయింది. దాన్ని ఒక్కరైనా చూడాలని ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు.

తల్లి అనసూయమ్మ “మూడేండ్ల సంది ఏం చేసినవో జెర చూపియ్యి బిడ్డా” అంటే ఫోన్‌లో ఎక్కించి ఇచ్చింది. ఆమె కష్టపడి గుంతలన్నీ దాటుకుని గేటు దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని తృప్తిగా చూసింది. “మస్తుగున్నది. అచ్చం మన గేటే” అని మెచ్చుకుంది. ఆట అంతేననుకుంది పాపం. అనుపమ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఇక విజయోత్సవ సభ. విజయం వచ్చిందా అని అడిగేవాళ్లకు టెంట్‌హౌస్ వ్యాపారం తెలియదన్నమాట. విజయోత్సవం జరిగితే విజయం వచ్చినట్టే. ఫ్లెక్సీల మీద తిరుమల్, బ్రహ్మచారి, వారి బావమరుదులు, స్థానిక పెద్దలు, కింద మూలన చిన్నగా స్కూటర్ ఉన్నారు. తిరుమల్ మైకు అందుకుని, ఈ విజయం తనది కాదనీ, ఆటగాళ్ల రూపంలో ఉన్న దేవుళ్లదనీ, సికింద్రాబాద్ గడ్డ మీద పుట్టిన ఆట ప్రపంచపటం మీద నిలిచిందనీ సెలవిచ్చాడు. నిలిచిన మాట నిజమే. కదల్లేదు.

అప్పుడు మౌలాలి నుంచి వచ్చిన ఆషర్ లేచి నిలబడ్డాడు. గేముల మీద వీడియోలు చేస్తూ వేలాది మంది అభిమానం సంపాదించుకున్న కుర్రాడు. “సార్, అంతా బరాబరే ఉన్నది గని, ఆ గేటు ఎందుకు లేస్తలేదు సార్?” అని అడిగాడు.

అనుపమ కుర్చీ అంచుకు జరిగింది. ఇప్పుడైనా ఒప్పుకుంటాడు, మూఢమూ లేదు గీఢమూ లేదు, రేపే లేపుదాం అంటాడు అనుకుంది. తిరుమల్ మంచినీళ్లు తాగాడు. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి పైకెత్తి, గొంతు పెంచి అన్నాడు.

“గేటు ఎందుకు లేస్తలేదు? ఆ జవాబు కావాలంటే రెండో భాగం దాకా ఆగాలె!”

ఈలలతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. ఓ పెద్దాయన కుర్చీ ఎక్కి, కుర్చీతో సహా పడ్డాడు. రెండో భాగం అనేది ఒకటుందని ఆ క్షణం దాకా ఎండీ గారికి కూడా తెలియదని సవినయంగా మనవి.

“మూఢం కదండీ, మరి రెండో భాగం ఎలా మొదలుపెడతారు?” అని పాల్ అమాయకంగా అడిగాడు.

“ప్రకటనకు మూఢం లేదు నాయనా. ఉత్త మాటే గద” అన్నాడు బ్రహ్మచారి.

మర్నాటి నుంచి ఆఫీసంతా రెండో భాగం పనిలో మునిగింది. కథ లేదు, ఆట లేదు. పని మాత్రం ఊపిరి సలపనంత ఉంది. మొదట ఒక పోస్టర్ వస్తోందని పోస్టర్ వచ్చింది. తర్వాత ఆ పోస్టర్ ఏ తేదీన వస్తుందో చెప్పే పోస్టర్ వచ్చింది. పాల్ గేటును ఎర్రటి ఆకాశం కింద గీశాడు, మంటల్లో గీశాడు, గద్దలతో గీశాడు. గేటుకు ప్రత్యేకంగా ఒక పాట కూడా రాయించారు.

జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. గేటు ఎందుకు లేవదన్నదాని మీద రెండు వర్గాలయ్యారు. ఆ స్కూటర్ మనిషి ఎప్పుడో చనిపోయాడనీ, ఆ గేటు ఆగిపోయిన అతని ఊపిరికి గుర్తనీ ఒక వర్గం. కాదు, అది వ్యవస్థ మీద చెంపపెట్టని రెండో వర్గం. మేధావులు వ్యాసాలు రాశారు. నిరీక్షణే గమ్యమని ఆటను రూపొందించినవాళ్లు చెప్పకనే చెప్పారని కొనియాడారు. రోజూ వేలమంది ఆటలో తమ స్కూటర్లతో ఆ గేటు దగ్గరికొచ్చి నిలబడి, ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకోసాగారు. ఈ ఆదరణ చూసి తిరుమల్ అనుపమ చేత ఆటలో అక్కడ ఒక పల్లీల బండి పెట్టించాడు. పల్లీల బండి కొత్త వాకిలి కాదు కాబట్టి మూఢం అడ్డు రాలేదు.

“సార్, ఆ బండి పెట్టిన చేత్తోనే గేటు సుత లేపుతా సార్” అంది అనుపమ.

“నీకేమన్న దిమాగ్ ఖరాబైందా తల్లీ? గేటు లేస్తే రెండో భాగం ఎవడు చూస్తడు?”

ఆ మాటతో అనుపమకు ఒళ్లు మండింది. తన మూడేళ్లూ ఆ గేటు కర్ర వెనకే పాతిపెట్టేస్తున్నారని అర్థమైపోయింది. మర్నాడు రెండో భాగం మొదటి ఫొటోల కోసం అందరూ బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గరికి బయల్దేరారు. బావికీ రైల్వే గేటుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. ఫొటోలు బాగా వస్తాయి, అంతే. అనుపమ తలనొప్పి అని చెప్పి ఆఫీసులో ఉండిపోయింది. వాళ్ల కార్లు వీధి మలుపు తిరగ్గానే, సరిచేసిన గేటును ఆటలోకి ఎక్కించేసింది.

మిట్టమధ్యాహ్నం, శుద్ధ మూఢంలో, గేటు లేచింది.

ఆమె తెర ముందు కూర్చుని చూసింది. గేటు దగ్గర నిలబడ్డ వేల స్కూటర్లు ఒక్కటీ కదల్లేదు. కాసేపటికి ఒకడు ధైర్యం చేసి పట్టాలు దాటాడు. అవతల రెండు చినుకులు పడగానే భయపడి వెనక్కి తిరిగొచ్చాడు. తర్వాత అభిప్రాయాలు రావడం మొదలైంది. ‘గేటు లేచిపోతోంది, ఇదేం ఆట?’ అని ఒకరు. ‘ఇన్ని రోజుల మా నిరీక్షణను అవమానించారు’ అని ఒకరు. ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి, గేటు వెంటనే వేయాలి’ అని అభిమాన సంఘం తీర్మానం. ఆషర్ ఒక వీడియోలో కళ్లనీళ్లు పెట్టుకుని, “నమ్మి నిలబడ్డోళ్లను మోసం చేసిండ్రు అన్నా” అన్నాడు. ఆటకు రేటింగులో ఉన్న ఐదు నక్షత్రాల్లో సాయంత్రంలోపు ఒక్కటే మిగిలింది.

తిరుమల్ మెట్లబావి నుంచి పరుగున వచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచి, ముందు గేటు అవతల ఏముందో చూద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తాను అమ్ముతున్న ఆటను ఆయన చూడటం అదే మొదటిసారి. వాన చూశాడు. స్టేషన్ చూశాడు. కూలీల పరుగులు చూశాడు. ఆయన మొహం మెల్లగా వెలిగింది.

“అరె, గిది సెకండ్ పార్ట్ గద! తయారై ఉన్నది గద! ఎవడు లీక్ చేసిండు దీన్ని?”

“ఇది మొదటి భాగమే సార్” అంది అనుపమ.

“ఎట్లయితది? మొదటి భాగం గేటు కాడ అయిపోయింది. ఊరంతా చూసింది.” ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. “శాబాష్ బిడ్డా! నువ్వు బంగారం. ఇగ జల్ది గేటు దించు. దీన్ని వచ్చే ఏడాది రిలీజ్ చేద్దాం. గని ఒక్క పని చెయ్యి. స్టేషన్‌ల బండి కదుల్తది చూడు, ఆడ ఇంకో గేటు పెట్టు. మూడో భాగం సుత ఉండాలె గద.”

ప్లాట్‌ఫారం మీద గేటు ఎలా ఉంటుందని ఆమె అడిగింది. అదే సస్పెన్స్ అని ఆయన చెప్పాడు. ఇక చేసేదేమీ లేక ఆమె గేటు దించగానే నక్షత్రాలు మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. ప్రజాభీష్టాన్ని మన్నించినందుకు యాజమాన్యాన్ని అభినందిస్తూ అభిమాన సంఘం ఇంకో తీర్మానం చేసింది.

సాయంత్రం అనుపమ అల్వాల్‌కు స్కూటీ మీద బయల్దేరింది. దారిలో అసలు రైల్వే గేటు పడి ఉంది. బండి వచ్చింది, పోయింది, గేటు లేచింది. ముందున్న వాళ్లెవరూ కదల్లేదు. ఆమె హారన్ కొట్టింది. రెండోసారి కొట్టింది. ముందు స్కూటర్ మీది పెద్దమనిషి చేతిలో ఫోన్ మీంచి తలెత్తకుండానే విసుక్కున్నాడు.

“ఆగమ్మా జెర! ఏం తొందర? ఇంక గేటు లేవలే.”

మెడ చాచి చూసింది. అందరి చేతుల్లోనూ ఫోన్లు. అందరి ఫోన్లలోనూ ఆమె గేటు. పక్కనే పల్లీల బండి.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అనసూయమ్మ.

“బిడ్డా, పగటీలి గేటు లేసింది! ఇగ నేను పోనిచ్చిన. ఏం వానే తల్లీ అది, నిజంగ తడిసినట్టే అయింది! జాడీ అందిచ్చిన. బండి దొరికింది. కిటికీలకెల్లి పిల్లగాడు నాకు చెయ్యూపిండు. నేను సుత ఊపిన.”

అమ్మ చూసింది. ఒక్కరైనా చూశారు. అంతమంది మధ్యన, స్కూటీ మీదే కూర్చుని అనుపమ పసిపిల్లలా ఏడ్చింది, నవ్వింది. ఇక ఎన్ని గేట్లు పెట్టినా ఫర్వాలేదనిపించింది.

“మంచిగున్నదా అమ్మా?”

“మంచిగనే ఉన్నది బిడ్డా” అంది అనసూయమ్మ. “గని అంతల్నే అయిపోయింది. రెండో భాగం ఎప్పుడంట?”

ముందు ఇంకో బండి వస్తోందని గేటు మళ్లీ పడింది. ఎవరూ ఫోన్ మీంచి తలెత్తలేదు.