ప్లేగమ్మ పెట్టిన బడి

మా ఊరి పిల్లలకు చదువు చెప్పింది ప్లేగు! ఎవరేమన్నా సరే, ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో మాది ఇరవై మూడు గడపల ఊరు. మూడో తరగతి దాకా చదివి, మడక పట్టి సేద్యంలో దిగినవాణ్ణి. అలాంటివాడు పత్రికకు రాయడానికి కూర్చున్నాడంటే విషయం చిన్నది కాదని మీరే గ్రహించాలి. పట్నాల్లో ఉండే పెద్దలకు ప్లేగంటే భయమే గాని దాని సుగుణాలు తెలియవు. తెలియజెప్పడం నా బాధ్యత.

కార్తీకంలో మా ఊళ్ళో ఎలుకలు రాలాయి. ఎలుక రాలితే ఊరు వదలాలి. ఇది మా తాతల నాటి పద్ధతి. లోపల ఎండ పడితే పురుగు చస్తుందని ఇళ్ళ కప్పుల మీది పెంకులు దించాం. దించి, తలుపులకు తాళాలు వేశాం! కప్పు లేని ఇంటికి తాళం దేనికని అడగకండి. తాళం వేస్తేనే మనిషికి ధైర్యం. తర్వాత చేలల్లో గుడిసెలు వేసుకున్నాం.

బడి పెంకులు కూడా దించమని ఆర్డరు వచ్చింది. పొద్దున వచ్చింది, మధ్యాహ్నానికి దించేశాం. మా రాజరత్నం అయ్యవారిని ప్లేగు డ్యూటీ మీద కుప్పం స్టేషనుకు పంపారు. రైలు దిగినవాళ్ళ జబ్బ మీద ప్లేగు సూది మచ్చ ఉందా లేదా చూడటం ఆయన పని. పదేళ్ళుగా పిల్లల చేతిరాత దిద్దినవాడు, చేతులు చూడటంలో ఆయనకు మించినవాడెవడు? అక్కడి నుంచి నాకొక కార్డు రాశాడు. "రోజుకు మూడు వందల చేతులు చూస్తున్నాను. ఒక్క చేతిలోనూ పలక లేదు."

మరి పిల్లల చదువో? అని మీరు అడుగుతారు. పైఆఫీసు వారూ అడిగారు! అడిగి ఊరుకోలేదు. "గృహమునందు బిడ్డల విద్యాభ్యాసము: తల్లిదండ్రులకు సలహాలు" అని పదకొండు అంశాల అచ్చుకాగితం పంపారు. యుద్ధం వల్ల పలకలు, పుస్తకాలు లేవు, కాగితం కరువు అంటారు గదా? సలహాలకు మాత్రం కరువు లేదు.

ఆ కాగితం మా గుడిసెల మధ్య నిలబడి పెద్దగా చదివింది మా అమరావతి. నా కూతురు. అయిదో తరగతి. ఈ ఏడు పరీక్ష ప్యాసయితే మదనపల్లెలో ఆడపిల్లల హాస్టలు బడిలో సీటు ఇస్తారని రాజరత్నం అయ్యవారు మాట తీసుకొచ్చాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, చేర్చుకోరు. అందుకని ఆ పిల్ల ఎలుకలకంటే పరీక్షకే ఎక్కువ భయపడేది. ఇరవై మూడు గుడిసెల్లో చదవను రాయను వచ్చినవాళ్ళం మేమిద్దరమే. మిగతా పిల్లలు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నారు. నేను అక్షరం కూడబలుక్కునేలోగా అది పేజీ తిప్పేస్తుంది. కాబట్టి పిల్లలకు చదువెలా చెప్పాలో పెద్దలందరికీ ఒక పిల్ల చదివి చెప్పింది. ఇలాంటి వింత ప్లేగు లేకుంటే జరిగేదా?

మొదటి అంశం: "గాలియు, వెలుతురును గల యొక గదిని చదువుకు ప్రత్యేకింపవలెను." మా గుడిసెలో ఆరుగురం, ఒక ఆవు. గాలికి, వెలుతురుకు లోటు లేదు. గోడలుంటే గదా లోటు!

నాలుగో అంశం: "దేశపటమును చూపవలెను." పటం యాడ తెచ్చేది? పక్క గుడిసె దాసప్ప అరికాలు ఎత్తి చూపించాడు. నలభై ఏళ్ళు గొర్రెల వెంట తిరిగిన కాలు. దాని పగుళ్ళలో కృష్ణ, గోదావరి, పెన్న, మూడూ ఉన్నాయి. పిల్లలు పుల్ల పెట్టి చూపిస్తూ నేర్చుకున్నారు. గోదావరి దగ్గర మాత్రం ఆయన కెవ్వుమనేవాడు.

ఆరో అంశం: "సాయంకాలమున దీపము వెలిగించి రెండు గంటలు చదివింపవలెను." రేషను కార్డుకు నెలకు అర సీసా కిరసనాయిలు. మేం చంద్రుణ్ణి వెలిగించుకున్నాం. అమావాస్యకు సెలవు.

తొమ్మిదో అంశం: "చేతిపనులు నేర్పవలెను." అయ్యా, ఈ ఒక్క అంశం వినగానే మా ఊరి తల్లిదండ్రుల మొహాలు వికసించడం చూడాల్సిందే! ఆ రోజు నుంచి పిల్లలు వేరుశనగ విత్తనాలు ఒలిచారు, చింతపండు కొట్టారు, తాళ్ళు పేనారు. వేళ్ళు వాచి బలపం పట్టలేకపోయారు. కాని తొమ్మిదో అంశంలో బలపం మాటే లేదు.

డ్రిల్లు ఎవరు నేర్పారంటారా? సూదులేసే వాళ్ళు నేర్పారు. వాళ్ళ గొడుగు గట్టు మీద కనబడితే చాలు, అరవై మంది పిల్లలు ఒక్క విజిలు లేకుండా, వరస తప్పకుండా పరుగెత్తేవాళ్ళు.

సలహాలతో పాటు ఫారాలు కూడా వచ్చాయి. "ఈ వారము బిడ్డ యేమి నేర్చుకొనెను? ఎన్ని గంటలు?" ప్రతి ఇంటి పెద్దా నింపి, కింద వేలిముద్ర వేసి పంపాలి. వేలు అందరికీ ఉంది. నింపేదెవరు? ఆదివారం వస్తే అందరూ మా గుడిసె ముందే.

కళాయి వేసే అలావుద్దీను భార్య లాల్ బీ ముందు వచ్చేది. "అమరావతమ్మా, మా షంషాద్ ఏం సదివిందో నువ్వే రాయమ్మా. పొద్దన్నించీ శెనక్కాయలు ఒలస్తానే ఉండాది."

"ఎన్ని ఒలిసింది పిన్నీ?"

"రెండు శేర్లు."

"అయితే కొలతలు నేర్సిందని రాస్తా."

తర్వాత దాసప్ప. "మావోడు గొర్రెల ఎంబడి పొయ్యి రెండింటిని పోగొట్టుకోనొచ్చినాడు. ఏమని రాస్తావు పాపా?"

"తీసివేతలు మామా."

"వాడి ఈపు మీద నేను హెచ్చవేతలు నేర్పిచ్చినా. అదీ రాయి!"

మల్లప్ప గుడిసె వాళ్ళు మాత్రం ఒక వారం ఫారం తేలేదు. అయిదుగురిలో ఇద్దరు పోయారు. వాళ్ళకు తీసివేతలు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఫారాలు రాశాక మా పిల్ల తన పుస్తకం తీసేది. అప్పటికి వాళ్ళమ్మ పిలిచేది. తొమ్మిదో అంశం.

పుష్యం చివర, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో ఒక ఆఫీసరు దిగాడు. ముక్కుకు రుమాలు కట్టుకొని, గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకొని నిలబడ్డాడు. తాలూకా మొత్తంలో మా గుడిసెల ఫారాలే ఉత్తమమట! ఇరవై మూడు మంది తల్లిదండ్రులు, ఇంత చక్కటి భాష, ఇంత చక్కటి దస్తూరీ! అన్ని దస్తూరీలూ ఒక్క తీరుగా ఉన్నాయని ఆయనకు అనుమానం రాలేదు. ఆదర్శ గ్రామం గదా, ఒక్క తీరుగానే ఉండాలి. అద్దం కట్టిన యోగ్యతాపత్రం ఒకటి తెచ్చి, అందరి తరఫున నా చేతిలో పెట్టాడు.

"సదవండప్పా, ఏముండాదో ఇందాము!" అన్నాడు దాసప్ప. నేను రెండో మాట దగ్గరే ఆగిపోయాను. అమరావతి అందుకొని గడగడా చదివింది. "స్వగృహమునందే తమ బిడ్డలకు ఉత్తమ విద్య గరపినందులకు" అని. అందరూ చప్పట్లు కొట్టారు.

పిల్ల పత్రం నాకిచ్చి ఆఫీసరు ముందుకు పోయింది. "సార్, అయిదో తరగతి పరీచ్చ ఎప్పుడు సార్?"

"ఎండాకాలంలో. నీ హాజరు ఎన్ని రోజులు?"

"డెబ్బై ఎనిమిది సార్."

"నూటయాభై ఉండాలి పాపా. ఇంకా డెబ్బై రెండు కావాలి. బడి తెరిస్తే వచ్చేస్తాయిలే."

"ఈడ సదివింది లెక్క లేదా సార్? మీ పత్రంలోనే ఉండాదే, ఉత్తమ విద్య అని?"

ఆయన చెడ్డవాడు కాదు. రుమాలు కాస్త కిందికి దించి చెప్పాడు. "అది తల్లిదండ్రులకు ఇచ్చింది పాపా. పిల్లలకు రిజిస్టరు ఉంటుంది."

మాఘంలో పెంకులు కప్పుకొని మేం ఇళ్ళకు వచ్చేశాం. ఎలుకలు కూడా వచ్చేశాయి, ఆరోగ్యంగానే ఉన్నాయి. పుంగనూరు సంత తెరిచారు. టెంటు సినిమా తెరిచారు. శిస్తు కచ్చేరీ అసలు మూయనే లేదు. బడి ఒక్కటే మిగిలింది. దించమనడానికి ఒక కాగితం చాలిందిగాని, కప్పడానికి అంచనాలు కావాలట, మంజూరు కావాలట. మేమే కప్పుతామంటే సర్కారు కట్టడం మీద చెయ్యి వేయరాదన్నారు. దించినప్పుడు వేసింది ఎవరి చెయ్యో! కప్పు లేని బడికి అయ్యవారెందుకని రాజరత్నాన్ని కుప్పంలోనే ఉంచారు.

ఫారాలు మాత్రం వారం తప్పకుండా వస్తున్నాయి.

అందుకే నా మనవి ఏమంటే, బళ్ళు ఇలాగే శాశ్వతంగా మూసేయండి. అయ్యవార్లనందరినీ స్టేషన్లలో నిలబెట్టండి. ఊరికొక యోగ్యతాపత్రం పంచండి. మేం బాగా నేర్పుతున్నాం. ఒక్క లెక్క మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెగడం లేదు. పరీక్షకు ఇంకా యాభై రోజులే ఉన్నాయి. ఆ యాభైలో డెబ్బై రెండు రోజుల హాజరు పట్టించేదెట్లా? అమరావతి గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత కొట్టేస్తూ ఈ లెక్కే చేస్తోంది. తెలిసినవారెవరైనా ఉంటే ఒక కార్డు ముక్క రాయండి. గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగినా తడుముకోని పిల్ల, దీని దగ్గర ఆగిపోయింది.

మొన్న ఆదివారం ఇరవై రెండు ఇళ్ళ ఫారాలు ఎప్పటిలాగే ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. ఆఖర్న మాది. "ఈ వారము బిడ్డ యేమి నేర్చుకొనెను?" ఒకే ముక్క రాసింది. "ఏమీ లేదు. బడి తెరవలేదు."

"ఇట్ల పంపిస్తే పత్రం ఎనక్కి అడుగుతారేమో నాయనా" అంది.

"అడగనీలే. గోడ మేకు నుంచి తీసి ఇచ్చేద్దాం" అన్నాను.

ఆ ఫారం కింద వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టాను. నిదానంగా, ఒక్కొక్క అక్షరమే పెట్టాను. ఆ నాలుగక్షరాలూ నేను ఆ బడిలోనే నేర్చుకున్నాను. అప్పుడు దానికి కప్పు ఉండేది.