నులక లేని మంచం

1954 ఫిబ్రవరి 9, మంగళవారం సాయంత్రం ఐదున్నరకు ఆదోని కొండ మీద, నేలకు అరవై అడుగుల ఎత్తున, మారెప్ప చేతికి ఒక మంచం అందింది. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు ఉన్నాయి. నులక లేదు.

పొద్దున అంతా అనుకున్నట్టే మొదలైంది. మిల్లు యజమాని దేవేంద్రప్ప కొత్తగా ఒక సబ్బు తీసి, దానికి కూతురి పేరు పెట్టాడు. రైలు కట్టకు ఎదురుగా ఉన్న బండ మీద ‘గిరిజ సబ్బు’ అని నిలువెత్తు అక్షరాలు రాయించాలి. బుధవారం ఎనిమిదిన్నర రైలుకు, సరుకు తీసుకునే బళ్లారి ఏజెంటు వస్తాడు, రైల్లోంచే చదవాలి. చదివితే, రాళ్లు కొట్టే మారెప్పకు మిల్లు గేటు దగ్గర కాపలా పని. మారెప్పకు యాభై రెండేళ్లు. సమ్మెట ఎత్తితే కుడి భుజం పట్టేస్తోంది.

రాసేది ఎమ్మిగనూరు పెయింటర్ యేసేపు. అతన్ని బండ ఎక్కించేది మారెప్ప. కింద సామాను కట్టి పంపేది మారెప్ప బామ్మర్ది బజారి. ఒక్క పగటిలో ఐదక్షరాలూ కావు. దిగి మళ్లీ ఎక్కితే పూట పోతుంది. అందుకని రాత్రి పైనే పడుకోవాలని మారెప్ప తీర్మానించాడు. బండ మీది అరుగు వెడల్పు మూరెడు. కాబట్టి ఉలులు దిగగొట్టి మంచం వేలాడదీయాలి. ముందు నీళ్ల కుండ, తర్వాత జొన్నరొట్టెల మూట, సున్నం డబ్బాలు, ఆఖరున మంచం.

మంచానికి అతని భార్య మారెమ్మను ఒప్పించడానికే రెండు రోజులు పట్టింది.

"మా యమ్మ ఇచ్చిన మంచం. నులక ఒగ పేట తెగినా నువ్వు ఆడే ఉండు, ఇంటికి రావద్దు" అని పంపింది.

మారెప్ప పగుళ్లు పట్టుకుని ఎక్కి, యేసేపును నడుముకు తాడు కట్టి లాగాడు. నిచ్చెన కంటే ఎత్తు ఎక్కడం యేసేపుకు అదే మొదలు. కళ్లు మూసుకుని వచ్చాడు. బండకు ముఖం పెట్టి రాసేటప్పుడు మాత్రం ఒక్క గీత వంకర పోలేదు. సాయంత్రానికి గి, రి, జ, స అయ్యాయి. ‘బ్బు’ పొద్దుటికి మిగిలింది.

అప్పటికి తాడు బండ అంచుకు ఒరుసుకుని పీచు లేచింది. మారెప్ప చెడిన పన్నెండడుగులు కోసేసి కేక వేశాడు.

"రేయ్ బజారీ, తాడు సాలదు! ఏదన్నా జత సెయ్, గట్టిది!"

"సరే బావా!"

సామాను తెచ్చిన ఎద్దుల బండి మీదికెక్కి బజారి ముడి వేశాడు. మంచం పైకి వచ్చింది.

"నులక యాడరా?"

"తాడులోనే ఉండాది సూడు బావా! నాలుగు పేటలు పెనేసినా. ఏనుగునైనా లాగొచ్చు!"

అది గిడ్డయ్యను అడిగి తెచ్చిన బండి. పొద్దు మునిగేలోగా అప్పజెప్పాలని బజారి తోలుకుపోయాడు.

రాత్రి పడుకోవాలంటే నులక మంచానికి కావాలి. పొద్దున దిగాలంటే తాడుకు కావాలి. మారెప్ప ఒకసారి యేసేపు ముఖం చూసి, నులక విప్పాడు. మిగతా చోట్ల సున్నం పచ్చిగా ఉంది కాబట్టి ‘బ్బు’ రావలసిన చోటనే ఉలులు కొట్టి, తాడుతో మంచం కట్టి, వెలుతురు ఉన్నంతసేపూ అల్లాడు. ఆ అల్లిక ఒక్కరినే మోస్తుందనిపించింది. యేసేపును పడుకోబెట్టి తాను అరుగు మీద ఒరిగాడు. కిందికి చూడకుండా యేసేపు తెల్ల దుప్పటి తల నుంచి పాదాల దాకా కప్పుకున్నాడు.

తెల్లవారింది.

"లెయ్ యేసేపూ, ఒగటే అక్షరం."

"నేను కండ్లు తెరసను మారెప్పన్నా. తెరిస్తే పడిపోతా."

ఆరున్నరకు మేకలు తోలుకొచ్చిన హనుమంతమ్మ తలెత్తి చూసింది. గాలిలో మంచం, మంచం మీద కదలని మనిషి. చేతులు జోడించింది. ఏడింటికి ఎమ్మిగనూరు బస్సు ఆగింది. ఎనిమిదింటికి మూడు వందల మంది చేరారు. పదకొండు టెంకాయలు కొట్టారు.

"ఏ సామమ్మా?"

"మౌన సామి. రేత్రి ఆడ దిగినాడంట."

"సామి కాదప్పా, పెయింటరు!" అని మారెప్ప అరిచాడు.

"శిష్యుడు కోపిష్టి మాదిరుండాడే."

ఎనిమిదిన్నర రైలు జనాన్ని చూసి నెమ్మదించింది. ప్రతి కిటికీలో తలలు. మారెప్ప చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూశాడు. గేటు కాపలా అందులోనే పోయిందనుకున్నాడు.

తొమ్మిదింటికి గిడ్డయ్య బండిలోనే మారెమ్మ వచ్చింది. తోలింది బజారి, నులక సంగతి దారిలో చెప్పేశాడు. తాను దేని మీద కూర్చుందో ఆమె దిగాక చూసింది. మోకు చుట్ట.

"ఇంత లావు మోకు పెట్టుకోని నా మంచం ఇప్పినావేమిరా?"

"అది గిడ్డయ్యది కదక్కా. అడుక్కొచ్చిన బండి మోకు మనం ఎట్ల ముట్టుకుంటాం? మంచమైతే మనదే."

మారెమ్మ చెప్పు తీసేలోపు దేవేంద్రప్ప కారు వచ్చింది.

"మారెప్పా!"

"తప్పయిపోయింది సావుకార్! ఇప్పుడే రాపిస్తా!"

"రాపించినావో, నీకు పని లేదు! బళ్లారాయన రైలు దిగుతానే ఏమడిగినాడో తెలుసునా? ‘స తర్వాత ఏముండాదప్పా, రైలంతా అదే మాట’ అన్నాడు. సరుకు పంపమన్నాడు. రెండు నెల్లు ఆ బండ జోలికి పోవద్దు. నువ్వు ఒకటో తేదీ గేటు కాడికి రా."

మారెప్ప అరుగు మీది నుంచే దండం పెట్టాడు.

"గిడ్డయ్యకు నేను సెప్పుకుంటా, మోకు తియ్‌రా" అంది మారెమ్మ.

యేసేపును మారెప్ప అరుగు మీదికి లాగి, మంచాన్ని కూడా అరుగు మీద నిలబెట్టి, దాని తాడు విప్పి ఒక కొస కిందికి వదిలాడు. బజారి బండెక్కి దానికి మోకు జత చేశాడు. మంచం దిగాక యేసేపు కళ్లు మూసుకునే దిగాడు. నేల తగిలాక తెరిచాడు. హనుమంతమ్మ అతని చేతిలో టెంకాయ చిప్ప పెట్టింది.

"నేను సామిని కాదమ్మా, యేసేపును."

"ఏ పేరైతే ఏమి సామీ."

మార్చి ఒకటిన మారెప్ప పనిలో చేరాడు. ‘బ్బు’ ఏప్రిల్ 15, గురువారం రాశారు. అంతకు ముందురోజు బజారి వచ్చి మంచం అడిగాడు. మారెమ్మ ఇవ్వలేదు.